చూపు చేరే చోటు: రాఫెల్ ‘సిస్టీన్ మడోన్నా’ చిత్రార్థ వివేచన

ఇటలీ పునరుజ్జీవన కాలపు తల్లీబిడ్డల చిత్రాలలో రాఫెల్ ‘సిస్టీన్ మడోన్నా’ సుప్రసిద్ధం. తొలగిన తెరల నడుమ, మేఘాలపై బాలయేసును ఎత్తుకొని వచ్చే మరియమాతను మాతృవాత్సల్యానికి ప్రతీకగా భావించడం పరిపాటి. అయితే ఆ వ్యాఖ్యానం ఒక ముఖ్యాంశాన్ని వివరించజాలదు. తల్లి ముఖంలో ఆనందం లేదు. బిడ్డ కన్నులలో బెదురు ఉంది. అందుకు కారణమైనదేదీ చిత్రంలో కనిపించదు. కనుక దానిని చిత్రం వెలుపల వెదకవలసి ఉంటుంది.

ఈ చిత్రాన్ని 1512లో రెండవ జూలియస్ పోపు పియచెంజా నగరంలోని శాన్ సిస్టో మఠాలయం కోసం వ్రాయించాడు. ఆ నగరం పోపు ఏలుబడిలోకి వచ్చినది ఆ సంవత్సరమే. ఎడమవైపున ఉన్న సిక్స్తుసు ఆ ఆలయానికి పేరునిచ్చిన పునీతుడు. అతని ముఖంలో జూలియస్ పోలికలు ఉన్నాయని పండితుల అభిప్రాయం. క్రింద ఉంచిన కిరీటపు కొనన గల ఓక్ కాయ జూలియస్ వంశచిహ్నాన్ని స్ఫురింపజేస్తుంది. ఈ విధంగా భక్తితోపాటు అధికారమూ ఇందులో చోటు చేసుకొన్నది.

చిత్రార్థానికి కీలకం సిక్స్తుసు చేయి. అది చిత్రం వెలుపలికి, ప్రేక్షకుని దిక్కుకు చాచి ఉంది. తల్లీబిడ్డల చూపులు సైతం అటే సాగుతాయి. చిత్రానికి ఎదురుగా ఆలయంలో శిలువ ఉండేదని, వారు చూస్తున్నది దానినేనని కొందరు కళాచరిత్రకారులు ప్రతిపాదించారు. ఈ ప్రతిపాదన ననుసరిస్తే ఆ బెదురుకు అర్థం దొరుకుతుంది. బిడ్డ తన మరణాన్ని చూస్తున్నాడు. తల్లి ఆ సంగతి ఎరిగియే అతనిని లోకానికి అందిస్తున్నది. అప్పుడు ఇది కేవల వాత్సల్యచిత్రం గాక త్యాగచిత్రం అవుతుంది. క్రీస్తు బలిని స్మరించే పూజ జరిగే పీఠంపై అట్టి చిత్రం ఉండడం సముచితమే.

1754లో సాక్సనీ పాలకుడు మూడవ ఆగస్టస్ కొనుగోలుతో చిత్రం డ్రెస్డెన్ చేరింది. ఆరాధ్యమూర్తి దర్శనీయ కళాఖండమైంది. చూపు మిగిలింది, చూడబడినది మిగలలేదు. మాతృవాత్సల్య వ్యాఖ్యానం బలపడడానికి ఈ స్థానభ్రంశం దోహదం చేసింది. చిత్రం అడుగున మోచేతులు ఆనించిన ఇద్దరు దేవదూతలు తరువాతి కాలంలో విడిగా తపాలా బిళ్ళలకు, శుభాకాంక్షల పత్రాలకు ఎక్కి, కేవలం ముద్దుగొలిపే బొమ్మలుగా మారారు. మూలసందర్భం నుండి విడివడిన రూపం కొత్త అర్థాన్ని సంతరించుకోవడం ఇక్కడ స్పష్టం.

తరువాతి అర్థాలు నిరర్థకాలు కావు. అవి చిత్రపు గ్రహణచరిత్రకు చెందినవి. వాటిని మూలార్థంగా గ్రహించడమే దోషం. భక్తిచిత్ర వ్యాఖ్యాత రూపాన్ని మాత్రమే గాక, ఆ రూపం ఏ స్థానాన్ని ఉద్దేశించి నిర్మితమైనదో కూడ పరిశీలించవలసి ఉన్నది.