స్థానిక వాయు సంస్థలు – వాతావరణ మార్పు: శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా చరిత్ర

కాలిఫోర్నియాలో వాయుకాలుష్య నియంత్రణ స్థానిక పాలనలోనే మొదలైంది. 1943లో లాస్ ఏంజెలస్‌ను స్మాగ్ కమ్మివేసిన తరువాత, 1947లో ఆ కౌంటీకి ప్రత్యేక నియంత్రణ సంస్థ ఏర్పడింది. గాలికి కౌంటీ సరిహద్దులు లేవు కనుక 1955లో శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాకు ప్రాంతీయ సంస్థను రాష్ట్ర శాసనసభ నెలకొల్పింది. చెత్తదిబ్బలను ఆరుబయట తగులబెట్టడాన్ని నిషేధించడం దాని తొలి నిబంధన.

మసినీ, కార్బన్ డయాక్సైడునూ వెలువరించేది తరచుగా ఒకే గొట్టం. కనుక వాతావరణ మార్పు కూడా ఈ సంస్థ పరిధిలోకి వచ్చింది. 2005లో అది వాతావరణ పరిరక్షణ కార్యక్రమాన్ని చేపట్టింది. 2008లో పరిశ్రమల హరితగృహ వాయువులపై టన్నుకు 4.4 సెంట్ల రుసుము విధించింది. అది ఉద్గారాలను తగ్గించగల భారం కాదు. కార్యక్రమ నిర్వహణ వ్యయాన్ని సమకూర్చే ఏర్పాటు మాత్రమే.

అయితే ప్రాంతీయ సగటు లెక్కలలో వాడల బాధ కనిపించదు. ఓడరేవుకూ రహదారులకూ నడుమనున్న వెస్ట్ ఓక్లండ్ వాసులు తమ వీధులలో తిరిగే డీజిల్ లారీలను తామే లెక్కించి సాక్ష్యం కూర్చుకున్నారు. 2017 నాటి ఏబీ 617 చట్టం ఆధారంగా, 2019లో స్థానిక పౌరసంఘమూ వాయు సంస్థా కలిసి ఆ వాడకు కార్యాచరణ ప్రణాళికను రూపొందించాయి.

లారీని దారి మళ్లిస్తే ఆ వాడకు ఊరట. విద్యుత్ లారీతో భర్తీ చేస్తే వాడకూ వాతావరణానికీ మేలు. ఈ రెండింటి భేదాన్ని ప్రజలతో కలిసి నిర్ణయాలలోకి తేవడంలోనే స్థానిక సంస్థ ప్రయోజనం ఉంది.