పడమటి మండలమునకు రెండవ ద్వారము

షోలాపురమున అశోక్ చౌక్ చుట్టుపట్ల, సాంచాల చప్పుడు నడుమ, తెలంగాణము నుండి తరతరములుగా వలస వచ్చి స్థిరపడిన నేతకాండ్ర ఇండ్లలో నేటికిని తెలుగే వినబడును. బంధుత్వమునుబట్టి వీరు హైదరాబాదు వారికి దగ్గరివారైనను, జట్లను ప్రాంతములవారీగా మండలములుగా పంచిన నాటి రంజీ ట్రోఫీ క్రికెట్టు లెక్కలో మాత్రము పడమటి మండలము వారుగా నుండిరి. ఏలన షోలాపురము మహారాష్ట్ర జట్టు పరిధిలోనిది, హైదరాబాదు నాడు దక్షిణ మండలమునకు చెందియుండెను.

1934లో ఆరంభమైన ఈ పోటీలో 1956-57 వరకు మండలములోని ఆటలన్నియు నాకౌట్ పద్ధతినే జరిగెను. ఒక్క ఓటమితో ఏడాది శ్రమయంతయు ముగిసిపోవుట న్యాయమనిపించుకొనదు. పిదప మండలములోని ప్రతి జట్టును తక్కిన జట్లన్నిటితో ఆడవలెనను లీగ్ నియమము వచ్చినది. 

ఇందులో నేతగానికి నచ్చెడి గణితమొకటి గలదు. బొంబాయి, మహారాష్ట్ర, గుజరాత్, బరోడా, సౌరాష్ట్ర అను ఐదు జట్లు ఒక్కొక్కసారి తలపడినచో మొత్తము పది ఆటలు. ఒక్కొక్క జట్టుకు నాలుగు. వీనిలో రెండు సొంతగడ్డపైన, రెండు పరాయిగడ్డపైన పడునట్లు అమర్చవచ్చును. సరిగా పోసిన పడుగువలె ఎవరికిని పోగు ఎక్కువ తక్కువలుండవు. ఆరు జట్లైనచో ఒక్కొక్కరికి ఐదు ఆటలు వచ్చును గనుక, కొందరికి ఇంట మూడు, కొందరికి రెండు తప్పదు. ఆ కొరతను మరుసటి యేట తావులు మార్చి తీర్చవలసినదే.

అయితే తావుల పంపకమెంత సమముగానున్నను, మండలము నుండి వెలికి పోవు ద్వారము ఒక్కటే యుండుట అసలు చిక్కు. ఒక్క విజేతకే ముందుకు పోవు అర్హత యుండెను. పడమట ఆ విజేత బొంబాయి. 1958-59 నుండి 1972-73 వరకు వరుసగా పదునైదుమార్లు ట్రోఫీ దానిదే. ఈ షోలాపురముననే 1926లో జన్మించిన పాలీ ఉమ్రీగర్ వంటి మేటి సయితము బొంబాయి పక్షముననే వెలసెను. ఇతర మండలముననున్నచో అగ్రస్థానము పొందగల జట్టు, మహాబలుని పొరుగున పుట్టినంత మాత్రమున గడప దాటలేకపోవుట నా మనస్సునకు సరియైన తీర్పుగా తోచదు. భౌగోళిక సామీప్యము రైలు ప్రయాణమును తగ్గించును గాని, బలాబలములను పంచజాలదు.

1970-71లో ప్రతి మండలము నుండి ఇరువురను ముందుకు పంపు మార్పు జరిగెను. ఆ సంవత్సరమే అంతిమ పోటీలో బొంబాయికి ఎదురు నిలిచినది మహారాష్ట్ర! మునుపటి నియమమే సాగియున్నచో ఒకే మండలపు జట్లు రెండును అచట కలిసికొనుట అసాధ్యము. మహారాష్ట్ర 48 పరుగుల తేడాతో ఓడినదన్న మాట నిజమే గాని, అన్నేండ్లు మూసియుంచిన ద్వారము వెనుక ఎట్టి జట్టున్నదో ఆ 48 పరుగులే చెప్పినవి.

1992-93లో ముగ్గురికి అవకాశము వచ్చెను. 2002-03లో మండలములే తొలగి, ఎలైట్, ప్లేట్ అను శ్రేణులు ఏర్పడినవి. అప్పటినుండి మహారాష్ట్రయు, హైదరాబాదును తొలి దశలోనే ఒకే వర్గమున ఎదురుపడుట సాధ్యమైనది. అట్టి ఆట పడిననాడు అశోక్ చౌక్‌లో ఒకే ఇంట రెండు పక్షములుండును.