రైలుపెట్టెల బడి

స్వర్ణోత్సవ సంచికకు మన స్కూలు చరిత్ర రాయమని మిత్రులు అడిగారు. ఆ పని నాకంటే బాగా చేయగల సీనియర్లు ఉన్నారు. అందుకని నాకు ఇష్టమైన మరో బడి చరిత్ర రాస్తున్నాను.

1937లో టోక్యోలో సోసాకు కొబయాషి గారు తోమొయె అనే బడి పెట్టారు. పాత రైలుపెట్టెలే తరగతి గదులు. పిల్లలు మొత్తం ఓ యాభై మంది. ఒకటో తరగతిలోనే వేరే బడివాళ్ళు వద్దని పంపేసిన ఒక పాపను తల్లి అక్కడికి తీసుకొచ్చింది. హెడ్మాస్టరు తల్లిని ఇంటికి పంపి, పాపను కూర్చోబెట్టుకుని, ఏం చెప్పాలనిపిస్తే అది చెప్పమన్నారు. పాప నాలుగు గంటలు మాట్లాడింది. ఆయన విసుక్కోకుండా విన్నారు. ఆ పాపే తర్వాత జపాన్ టెలివిజన్‌లో పేరుపొందిన తెత్సుకో కురొయానగి. 1981లో ఆవిడ రాసిన ఆ బడి కథ తెలుగులో ‘రైలుబడి’గా వచ్చింది. చదవనివాళ్ళు తప్పక చదవండి.

మధ్యాహ్నం అన్నాల వేళ కొబయాషి గారు ప్రతి డబ్బా చూసేవారు. సముద్రానిదొకటి, కొండనేలదొకటి ఉండాలి. ఏది తక్కువైతే అది వెనకాలే గిన్నెలతో వచ్చే ఆయన భార్య వడ్డించేది. దాంతో ఎవరి డబ్బా పేదదో బయటపడేది కాదు.

ఎదుగుదల ఆగిపోయి, కాళ్ళూ చేతులూ పొట్టిగా ఉన్న అబ్బాయి ఒకడు ఉండేవాడు. ఆటల పోటీల్లో అన్నిట్లో వాడే ఫస్టు! మెట్ల పందెంలో ఒక్కో మెట్టే ఎక్కాలని నియమం. పొడుగు కాళ్ళవాళ్ళకు అదే అవస్థ. బహుమతులేమో కూరగాయలు. జాలిపడి వాడికి ఓదార్పు బహుమతి ఇవ్వలేదు, పందేన్నే మార్చారు. కొలతలు తీసుకోకుండా డిజైన్ ఉండదని మా వృత్తిలో అంటాం. ఆయన ఆ పిల్లవాడి అడుగునూ మెట్టు ఎత్తునూ కళ్ళతోనే కొలిచారు.

మనకూ అలాంటివాళ్ళు దొరికారు. వానాకాలంలో వాగు దాటి వచ్చే మాకు ఆలస్యమైతే, లెక్కల మాస్టారు రెండో పీరియడ్ దాకా అటెండెన్స్ వేసేవారు కాదు. ఎందుకో ఆయన ఎవరికీ చెప్పలేదు, మాకు మాత్రం తెలుసు.

1945 బాంబుదాడుల్లో తోమొయె కాలిపోయింది. మళ్ళీ అలాంటి బడి కట్టకుండానే 1963లో కొబయాషి గారు కన్నుమూశారు. భవనం లేదు, రైలుపెట్టెలు లేవు. అయినా ఆ పూర్వ విద్యార్థులు ఏటా నవంబరు 3న కలుసుకునేవారని కురొయానగి రాశారు. అది వాళ్ళ బడిలో ఆటల పోటీలు జరిగిన రోజు.