చేపకు మతిమరుపా?

పాముకి పగ, ఏనుగుకి జ్ఞాపకం, చేపకి మతిమరుపు. జంతువులకి మనం పంచిపెట్టిన బిరుదులివి. తోక తొక్కినవాణ్ణి గుర్తుపెట్టుకుని, ఏళ్ళ తర్వాత వెతుక్కుంటూ వచ్చి కాటేసే పాము మన సినిమాల్లో తప్ప పుట్టల్లో లేదు. గాజుతొట్టెలో బంగారు చేపకి మూడు సెకన్ల జ్ఞాపకమే అన్నదీ అలాంటి కబురే.

ఆస్ట్రేలియాలో కలమ్ బ్రౌన్ అనే ఆయన చిన్న చేపలున్న తొట్టెలో వల లాగాడు. వలకి ఒక్కచోటే కన్నం. అయిదుసార్లు లాగేసరికి చేపలకి దారి తెలిసిపోయింది. పదకొండు నెలలు ఊరుకుని మళ్ళీ లాగితే, తిన్నగా కన్నం దగ్గరికే పోయాయి! 2001 నాటి ముచ్చట ఇది. అంతదూరం ఎందుకు, మన కైకలూరు వైపు చెరువులు చూడండి. తవుడూ చెక్కా నింపి, చిల్లులు పెట్టిన సంచుల్ని కర్రలకు వేలాడగడతారు. ఆ చిల్లుల్లోంచి లాక్కుతినడం చేపలు ఇట్టే నేర్చుకుంటాయి.

అసలు విశేషం సాల్మన్ చేపది. అమెరికాలో ఆర్థర్ హాస్లర్ బృందం 1970లలో సాల్మన్ పిల్లల్ని మార్ఫోలిన్ అనే రసాయనం కలిపిన నీళ్ళలో కొన్నాళ్ళుంచి మిచిగాన్ సరస్సులో వదిలారు. అవి పెద్దవై గుడ్లు పెట్టే వేళకి, ఆ వాసన కలిపిన వాగునే వెతుక్కుంటూ వచ్చాయి. చిన్నప్పటి వాసన!

మన ఇలస సాల్మన్ కాదు గానీ, అదీ సముద్రంలో పెరిగి, వరదల్లో ఏటికి ఎదురీది గుడ్లు పెట్టే జాతే. ఏట్లోకి వస్తే దానికే పులస అని ముద్దుపేరు. కృష్ణలోకీ అలాగే వచ్చేది. 1852లో మొదలెట్టి 1855 నాటికి ఇంద్రకీలాద్రికీ సీతానగరానికీ మధ్య ఆనకట్ట కట్టేశారు. కట్టొద్దని ఎలా అంటాం? 1832-33 డొక్కల కరువు చూసిన జనం వాళ్ళు. ఈ డెల్టా అన్నం తినే నేనూ అనలేను. కాకపోతే కాలవలకి ఎన్ని నీళ్ళు కావాలో లెక్క వేసినవాళ్ళు, అడ్డొచ్చిన గోడని చేప ఎలా దాటుతుందో లెక్క వెయ్యలేదు.

వేసినవాడు ఒకడున్నాడు, ఫ్రాన్సిస్ డే అని, మద్రాసు సర్కారు వైద్యుడిగా వచ్చి చేపల పిచ్చిలో పడ్డాడు. గుడ్లు పెట్టడానికి పైకి పోయే చేపల్ని ఆనకట్టలు ఆపేస్తున్నాయనీ, గోడ కింద పోగుపడ్డవాటిని జనం సులువుగా పట్టేస్తున్నారనీ, వాటికి దారి వదలాలనీ 1873 నివేదికలో మొత్తుకున్నాడు. 1957లో పాత ఆనకట్ట చోటే ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఇప్పుడు పులస పేరెత్తితే మా బెజవాడ వాళ్ళు కూడా గోదావరి వైపే చూస్తారు.