చుక్కల నుంచి గళ్ళకు: హైదరాబాద్ కేబుల్ ప్రసారాలలో సంకేత నాణ్యత

శ్రీనగర్ కాలనీ, ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ ప్రాంతాలలో రూపొందే బొమ్మను గురించిన పరిశోధన విస్తారంగా ఉంది. ఆ బొమ్మను ఇంటింటికీ చేర్చిన తీగను గురించిన చర్చ మాత్రం తక్కువ. ఆ తీగ నాణ్యతను ఎవరు, ఎలా కొలిచారన్నదే ఇక్కడి పరిశీలనాంశం.

1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైననాడు యాంటెనా తిప్పి బొమ్మను సరిచేసుకోవడం ప్రేక్షకుని పనే. 1995లో జెమిని, ఈటీవీ ప్రసారాలు మొదలయ్యాయి. కేబుల్ విస్తరించేకొద్దీ ఆ పని ఆపరేటర్ చేతికి పోయింది. అయితే పరీక్షించే కన్ను ప్రేక్షకుడిదే. అనలాగ్ ప్రసారంలో సంకేతం బలహీనపడితే తెరపై చుక్కలు పడతాయి, ఇంకా తగ్గితే చుక్కలు దట్టమవుతాయి. “బొమ్మ చుక్కలుగా వస్తోంది” అన్న ఫిర్యాదు ఒక విధంగా కొలతే. అదే ఏడాది వచ్చిన కేబుల్ టెలివిజన్ చట్టం, పరికరాలు భారతీయ ప్రమాణాలకు లోబడి ఉండాలని నిర్దేశించింది. కానీ వీధి స్థాయిలో అమలైన ప్రమాణం ఇంటి యజమాని ఓర్పేనని నా అభిప్రాయం.

2011 చట్ట సవరణతో డిజిటలీకరణ తప్పనిసరి అయింది. రెండవ దశలోని 38 నగరాలలో హైదరాబాద్, విశాఖపట్నం ఉన్నాయి. గడువు 2013 మార్చి 31. ఒక్క అనలాగ్ ఛానల్ ఆక్రమించిన 8 మెగాహెర్ట్జ్ స్థలంలో, 64-క్వామ్ పద్ధతిలో సెకనుకు సుమారు 38 మెగాబిట్లు, 256-క్వామ్‌లో సుమారు 51 మెగాబిట్లు పంపవచ్చు. రెండవదానిలో ఛానళ్ళు ఎక్కువ పడతాయి గానీ దానికి మరింత శుభ్రమైన సంకేతం కావాలి.

అసలు మార్పు ఇక్కడుంది. డిజిటల్ ప్రసారంలో 188 బైట్ల సమాచారానికి 16 బైట్లు అదనంగా చేర్చి పంపుతారు. ఒక్కో పొట్లంలో 8 బైట్ల వరకు తప్పులను సెట్‌టాప్ బాక్సు తానే దిద్దుకుంటుంది. దిద్దుబాటుకు ముందు పదివేల బిట్లకు రెండు తప్పుల వరకు ఉన్నా బొమ్మ దాదాపు నిర్దోషంగా కనిపిస్తుంది. ఆ హద్దు దాటగానే గళ్ళుగా చెదిరి, ఆగిపోతుంది. మధ్యస్థితి బహుస్వల్పం. క్షీణత ముందుగా కంటికి తెలియదు కాబట్టి, దానిని పట్టుకోవడానికి మీటర్ అవసరమైంది: సంకేత స్థాయి, మాడ్యులేషన్ దోష నిష్పత్తి, బిట్ దోష రేటు.

ఈ పరీక్ష హెడ్‌ఎండ్‌లో చేస్తే చాలదు. స్తంభం మీది యాంప్లిఫయర్, వానకు తడిసిన కనెక్టర్, మేడపై సంకేతాన్ని సగానికి పైగా తగ్గించే స్ప్లిటర్ దాటిన తరువాత, వినియోగదారుని గోడ దగ్గరే చేయాలి. ఆ అంకెలు చూపే మీటర్ ఆపరేటర్ వద్ద ఉంటుంది; చందా కట్టేవాని వద్ద ఉండేది “బొమ్మ ఆగిపోయింది” అన్న మాట మాత్రమే.