సోదిలో ఉన్న సోది
"ఆ హీరో ఇప్పుడు సోదిలో లేకుండా పోయాడు" అని సినిమా పేజీలో రాస్తారు. పక్కనే సమీక్షలో "సెకండాఫ్ అంతా సోది" అంటారు. మొదటిది పాత సోది, నిఘంటువుల్లో సోదె. చేతిలో బెత్తం, చంకలో బుట్టతో వీధి వీధి తిరిగే సోదెమ్మ చెప్పే జోస్యం. చేటలో బియ్యం పోయించుకొని, అడిగినవాళ్ల చెయ్యి పట్టుకొని, కంచి కామాక్షినీ మధుర మీనాక్షినీ బెజవాడ కనకదుర్గనూ పిలిచి, ఆ ఇంట్లో పోయినవాళ్ల చేత కూడా పలికించేది. ఆమె నోట పేరు రానివాడు సోదిలో లేనట్టే. అసలు సంగతికి ముందు సాగే ఆ దండకమే మాటకు చెడ్డపేరు తెచ్చి ఉంటుందని నా అనుమానం. ఇప్పుడు సోది అంటే సాగదీత, పనికిరాని వాగుడు. సోదెమ్మ చెప్పే ఆ విద్యకు ఎరుక అని ఇంకో పేరుంది. ఎరగడం నుంచి వచ్చిన ఆ మాటకు ఈ గతి పట్టలేదు. శ్రీనివాసుడు ఎరుకలసాని వేషంలో ఆకాశరాజు ఇంటికి వెళ్లి సోది చెప్పాడంటే ఇవాళ్టి పిల్లలు ఇంకోలా నవ్వుతారు. సుత్తి కూడా ఈ వరసలోదే కానీ వయసులో బాగా చిన్నది: 1982లో జంధ్యాల తీసిన 'నాలుగు స్తంభాలాట'తో జనం నోట పడి, నటులు వీరభద్రరావుకూ వేలుకూ ఇంటిపేరైంది. హైదరాబాదులో వినిపించే బక్వాస్ ఉర్దూది, వాగడమనే అర్థమున్న బక్‌నా నుంచి వచ్చింది. అందులో కోపం పాలెక్కువ. సోదిలో ఉన్నది విసుగే.