వరుస తప్పిన ఆశ

2006 చివర్లో క్యాన్సర్ రోగులకూ, వాళ్ళ మంచం పక్కన కూర్చున్నవాళ్ళకూ ఒక శుభవార్త అందింది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో అనిల్ పొట్టి, జోసెఫ్ నెవిన్స్, వారి సహచరులు ‘నేచర్ మెడిసిన్’ పత్రికలో ఒక పరిశోధన ప్రకటించారు. కణితిలో ఏ జన్యువులు ఎంత చురుగ్గా ఉన్నాయో కొలిస్తే, ఆ రోగికి ఏ కీమో మందు పనిచేస్తుందో ముందే చెప్పొచ్చన్నారు. ఇంట్లో కీమో చూసినవాళ్ళకు ఈ మాట విలువ చెప్పనక్కర్లేదు. జుట్టు రాలిపోయి, అన్నం సహించక, నెలల తరబడి నలిగిన తర్వాత ‘ఈ మందు పట్టలేదమ్మా, ఇంకోటి చూద్దాం’ అని డాక్టరు చెప్పే రోజు ఇక రాదని ఆ వ్యాసం మాట ఇచ్చింది. అంత గొప్ప ఆశ అది. అందుకే దాని పతనం కథ అంత బరువుగా ఉంటుంది.

హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రం వైద్యులు తమ రోగులకూ ఈ పద్ధతి కావాలనుకున్నారు. అక్కడి గణాంక నిపుణులు కీత్ బ్యాగర్లీ, కెవిన్ కూంబ్స్‌ను సాయం అడిగారు. తప్పు పట్టాలని ఎవరూ మొదలుపెట్టలేదు. నేర్చుకుని వాడుకుందామనే ఫైళ్ళు తెరిచారు. వ్యాసంలో ఫలితం ఉంది, కానీ దాన్ని చేరుకున్న దారి లేదు. ఏ పట్టిక నుంచి ఏ అంకె వచ్చిందో, ఏ నమూనాలు తీసుకున్నారో, ఏవి వదిలారో రాసి లేదు. ఇద్దరూ ఫలితం దగ్గర నిలబడి వెనక్కి నడుచుకుంటూ ఆ లెక్కను మళ్ళీ కట్టాల్సి వచ్చింది.

కట్టేకొద్దీ గుండె జారింది. జన్యువుల జాబితా మొత్తం ఒక్క వరుస కిందికి జరిగిపోయి ఉంది. పట్టిక పైన శీర్షిక వరుస ఉందా లేదా అన్న చిన్న తేడా వల్ల, ఒక జన్యువు అంకె పక్క జన్యువు పేరు మీదికి పోయింది. జాబితాలోని కొన్ని జన్యువుల గుర్తులైతే, వాటి చురుకును కొలవడానికి ప్రయోగంలో వాడిన చిప్పు మీదే లేవు. ఇంకా ఘోరం, కొన్ని మందుల విషయంలో, ఆ మందుకు ‘లొంగేవి’, ‘లొంగనివి’ అని కణాలకు పెట్టిన చీటీలు తారుమారయ్యాయి. ఆ లెక్క ప్రకారం వైద్యం చేస్తే పనిచేసే మందు పక్కకు పోయి, పనిచేయని మందు రోగి నరంలోకి ఎక్కుతుంది.

2007లో బ్యాగర్లీ, కూంబ్స్ ఇదంతా అదే పత్రికకు రాశారు. మా పద్ధతి పనిచేస్తూనే ఉందని డ్యూక్ బృందం జవాబిచ్చింది. ఆ ఏడాది నుంచే ఆ పద్ధతిని నమ్మి ఊపిరితిత్తుల, రొమ్ము క్యాన్సర్ రోగుల మీద క్లినికల్ ట్రయల్స్ మొదలయ్యాయి. మూడు ట్రయల్స్‌లో వందమందికి పైగా చేరారు. ప్రతి ఒక్కరూ కాగితాల మీద సంతకం పెట్టి, తమకు మిగిలిన కాలాన్ని ఆ లెక్క చేతిలో పెట్టారు.

హెచ్చరికలు లేకపోలేదు. 2008లో ఆ ప్రయోగశాలలోనే పనిచేస్తున్న ఒక వైద్య విద్యార్థి, ఫలితాలను నిర్ధారించిన తీరు నమ్మదగ్గదిగా లేదని రాతపూర్వకంగా చెప్పాడు, పరిశోధన పత్రాల నుంచి తన పేరు తీయించుకున్నాడు. ఆ సంగతి 2015 దాకా లోకానికి తెలియలేదు. బ్యాగర్లీ, కూంబ్స్ తమ పరిశీలనను వైద్య పత్రికలు తీసుకోకపోవడంతో 2009లో గణాంక శాస్త్ర పత్రికలో ప్రచురించారు. అప్పుడు డ్యూక్ ట్రయల్స్‌ను ఆపి, బయటి నిపుణులను పిలిచింది. అదే సమయంలో డ్యూక్ బృందం కొత్త సమాచారం బయటపెడితే బ్యాగర్లీ దాన్నీ పరిశీలించాడు. 59 అండాశయ క్యాన్సర్ నమూనాలలో 43 నమూనాలకు పేర్లు తప్పు. మిగిలిన 16 నమూనాలలో జన్యువుల అంకెలు గుర్తుపట్టలేనంతగా కలగాపులగమయ్యాయి. ఎవరైనా చదివి సరిచూసుకునేలా ఆయన దాన్ని నివేదికగా రాసి డ్యూక్‌కు పంపాడు. ఆ నివేదిక డ్యూక్ పిలిచిన బయటి నిపుణుల చేతికి చేరలేదు. 2010 మొదట్లో ట్రయల్స్ మళ్ళీ తెరుచుకున్నాయి, కొత్త రోగులు మళ్ళీ సంతకాలు పెట్టారు. ఈ కథంతటిలో నన్ను ఎక్కువగా ఏడిపించే చోటు ఇదే. నిజం చదవగలిగే రూపంలో సిద్ధంగా ఉంది. చదవాల్సినవాళ్ళ ముందు దాన్ని ఎవరూ పెట్టలేదు.

చివరికి ఆ కట్టడాన్ని కూల్చింది గణితం కాదు. 2010 జూలైలో ‘ది క్యాన్సర్ లెటర్’ అనే వార్తాపత్రిక, పొట్టి తన బయోడేటాలో పేరున్న రోడ్స్ స్కాలర్‌షిప్ అందుకున్నానని రాసుకున్నది నిజం కాదని బయటపెట్టింది. లెక్క తప్పు అని మూడేళ్ళు మొత్తుకున్నా కదలని తలుపులు బయోడేటాలోని ఒక్క అబద్ధంతో తెరుచుకున్నాయి. ట్రయల్స్ ఆగిపోయాయి. నవంబరులో ఆయన రాజీనామా చేశాడు. పరిశోధన పత్రాలు ఒక్కొక్కటిగా రద్దయ్యాయి, ‘నేచర్ మెడిసిన్’ వ్యాసం 2011 జనవరిలో పోయింది. 2015లో అమెరికా ప్రభుత్వ పరిశోధన నైతికత కార్యాలయం, ఆయన పరిశోధనలో దుష్ప్రవర్తనకు పాల్పడ్డాడని తేల్చింది. ఆ తీర్పును ఆయన ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. ఆయన నిధుల దరఖాస్తు ఒకదానిలో 33 మంది రోగులలో ఆరుగురికి మందు పనిచేసిందని రాసి ఉంది. నిజానికి చేరింది నలుగురు, ఒక్కరికీ మందు పనిచేయలేదు.

ఆ అంకెల వెనక మనుషులున్నారు. కొందరు ఈ నిజం తెలియకుండానే పోయారు. వాళ్ళ కుటుంబాలు కోర్టుకు వెళ్ళాయి, 2015లో రాజీ కుదిరింది. కానీ వేరే మందు వాడి ఉంటే ఇంకో ఏడాది బతికేదా అని ఒక భర్త రాత్రంతా తనను తాను అడిగే ప్రశ్నకు ఏ కోర్టూ జవాబివ్వలేదు. ఆ పత్రాల మీద తమ పేర్లు చూసి మురిసిన యువ పరిశోధకులు తమ వయసులోని మంచి ఏళ్ళు పోగొట్టుకున్నారు.

ఆ తప్పులను బయటపెట్టిన బ్యాగర్లీ, కూంబ్స్ తమ పనికి స్వీవ్ అనే సాధనం వాడారు. 2002లో వచ్చిన ఆ సాధనంలో మామూలు మాటల వివరణ, ఆర్ భాషలోని కోడ్, దాని నుంచి వచ్చిన పట్టికలు, బొమ్మలు ఒకే పత్రంలో ఉంటాయి. పత్రం తయారైనప్పుడల్లా లెక్క మొదటి నుంచి మళ్ళీ నడుస్తుంది. ప్రోగ్రామును మనుషులు చదువుకునే రచనలా రాయాలని 1984లో డొనాల్డ్ క్నూత్ చెప్పిన ఆలోచనకు అది కొనసాగింపు. 2011లో ఐపైథాన్ నోట్‌బుక్, 2014 నుంచి జూపిటర్ అదే దారిలో వచ్చాయి. ఇవాళ హైదరాబాద్ ఆఫీసుల్లో, అమెరికా ఆసుపత్రుల్లో ఎన్నో లెక్కలు నోట్‌బుక్కులలోనే.

సాధనం వచ్చింది కాబట్టి అలాంటి పతనాలు ముగిశాయనుకోవడానికి లేదు. కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైటులో జనం పెట్టిన జూపిటర్ నోట్‌బుక్కులను లక్షల సంఖ్యలో మళ్ళీ నడిపి చూసిన అధ్యయనం 2019లో వెలువడింది. తప్పు చూపకుండా చివరిదాకా నడిచినవి సుమారు 24 శాతం. రాసినవాడికి వచ్చిన ఫలితమే మళ్ళీ ఇచ్చినవి సుమారు 4 శాతం. నోట్‌బుక్కులోని కోడ్ ముక్కలైన సెల్స్‌ను ఇష్టమొచ్చిన వరుసలో నడిపి, మధ్యలో కొన్ని తీసేసి, డేటా ఎక్కడిదో రాయకుండా పంపితే, చూడ్డానికి నివేదికలా కనబడేది లోపల మళ్ళీ ఆ డ్యూక్ పట్టికే.

ఉక్కు నగరమైన భిలాయిలోని క్యాంప్ 2లో ఉంటూ నేను ఈ గాథ రాయడానికి కారణం ఉంది. 1955లో సోవియట్ దేశంతో ఒప్పందం కుదిరాక ఇక్కడి ఉక్కు కర్మాగారం కట్టడానికి శ్రీకాకుళం వైపు నుంచి కూలికి వచ్చినవాళ్ళ మనవలు, మనవరాళ్ళు ఇవాళ కంప్యూటర్ల ముందు డేటా చూస్తున్నారు. వాళ్ళ తాతలు కొలిమి దగ్గర షిఫ్టు దిగేటప్పుడు లాగ్ బుక్కులో ఏం జరిగిందో రాసి, తర్వాతివాడికి అప్పగించి గాని గేటు దాటేవారు కాదు. రాయని మాట తర్వాతి షిఫ్టువాడి ఒంటి మీదికి వస్తుందని వాళ్ళకు తెలుసు. నోట్‌బుక్కు పంపేవాడి బాధ్యతా అంతే.

కాబట్టి పిల్లలూ, మీ సహచరులకు నోట్‌బుక్కు పంపేముందు కోడ్‌ను నడిపే కెర్నల్‌ను రీస్టార్ట్ చేసి మొదటి సెల్ నుంచి చివరిదాకా వరుసగా నడపండి. ఏ ప్రశ్నకు జవాబు వెతికారో, ఏం తేలిందో మొదటి పేజీలోనే, కోడ్ రానివాళ్ళకూ అర్థమయ్యే తెలుగులోనో ఇంగ్లీషులోనో రాయండి. డేటా ఎక్కడి నుంచి వచ్చిందో, ఏ నమూనాలు ఎందుకు వదిలారో చెప్పండి. పట్టికలు కలిపిన ప్రతిచోటా కొన్ని వరుసలు చూపించండి, జారిన వరుస అక్కడే కంటికి చిక్కుతుంది. చదవడానికి అడ్డమైతే కోడ్‌ను మడిచి పెట్టండి, తీసేయకండి. ఎవరైనా తప్పు చూపిస్తే ఆ మాటను నిర్ణయం తీసుకునేవాళ్ళ దగ్గరికి మీరే తీసుకెళ్ళండి. డ్యూక్ ట్రయల్స్‌లో చేరిన రోగులకు తమ మందును ఎంచిన లెక్కను ఇంకొకరు చదివి సరిచూశారని నమ్మే హక్కు ఉండింది. ఆ హక్కు వాళ్ళకు దక్కలేదు. మీ లెక్క మీద ఆధారపడే మనిషికి అది దక్కాలి.